నల్ల ఫాల్

ఊరందరి చీరలకు ఫాల్ కుడత,
నా చీరకే ఫాల్ నిలువదు.
కుడి దిక్కు, చీలమండ కాడ,
జానెడు మేర
సైకిల్ చైను తన వాటా తాను తీసుకుంటది.

మెట్టుగడ్డ నుంచి న్యూటౌన్ దాకా
క్యారియర్ మీద ఎవరెవరివో చీరలు.
పెండ్లికి పోయేటియి, ఆఫీసుకు పోయేటియి,
ఒక్కపారి కట్టినంక బీరువాల పండుకునేటియి.
పాత లుంగీల చుట్టి
ట్యూబు ముక్కతోని బిగించి కడత.
వాటికి దుమ్ము తగలొద్దు.
నాకు తగిలితేంది,
నేను ఉతుక్కుంటే పోయేదాన్ని.

సైకిల్ నేర్పినోళ్ళు బ్రేకు గురించి చెప్పిండ్రు,
కొంగు గురించి ఎవరూ చెప్పలే.
బోయపల్లి గేటు కాడ, రైలు పోయినంక,
అందరూ ఒక్కసారే కదిలిండ్రు.
నా కొంగు ఎనక చక్రంల వడ్డది.
నేను పడలే.
పడినా బాగుండు, ఎవరన్న లేపుదురు.
నడి తొవ్వల వంగి
చక్రాన్ని ఎనకకు తిప్పుకుంట తిప్పుకుంట
కొంగు మీది పువ్వులను ఒక్కొక్కటి బయటికి గుంజుకున్న.
ఎనక ఆటోల హారన్లు.
ఒక ముసలాయన మాత్రం దిగొచ్చి
హ్యాండిల్ పట్టుకొని నిలవడ్డడు.
చీర దిక్కు చూడలే, నా దిక్కు చూడలే,
గేటు దిక్కే చూసిండు.

ఆ రాత్రి మిషిన్ ముందర కూసోని ఆలోచన చేసిన.
కత్తెర పట్టేదాని ఆలోచన, కొలతలే ఉంటయి అండ్ల.
కొంగు రెండు సుట్లు తిప్పి బొడ్ల చెక్కాలె.
కుచ్చిళ్ళు అయిదే, ఏడొద్దు.
బెత్తెడు ఎత్తు కట్టాలె, చూసేటోళ్ళు చూడనీ.
కుచ్చిళ్ళ కొస ఎడమకు తిప్పి
బట్టలారేసే క్లిప్పు పెట్టాలె, ఆ నీలం రంగుది.
జహంగీర్ దుకాణంల పాత సామాన్ల అడుగున
చీర గార్డు ఒకటి దొరికింది, జాలిది, తుప్పువట్టింది.
"ఇప్పుడు ఇదెవరు అడుగుతున్నరక్కా" అని
పైసలు తీసుకోలే.
గాలి కొట్టినందుకు మాత్రం తీసుకున్నడు.

చుడీదార్ ఏసుకో అంటది వకీలుసాబ్ భార్య వైజయంతమ్మ,
గేటు తీసి, నా మరకకు తన చీర తగలకుండ జరుగుకుంట.
నిజమే, చుడీదార్ అయితే సుఖం.
కాని నాకున్నయి ఆరు చీరలు,
అయిదు తిరిగేటియి,
ఒకటి నారాయణపేటది, తిరగనిది.

మొన్న పొద్దుగాల పెద్ద చెరువు కట్ట మీద
నలుగురు పోరగాండ్లు ఎదురయిండ్రు.
ఒంటికి అతుక్కున్న మెరుపు బట్టలు,
నల్లద్దాలు, నెత్తిన గిన్నె లెక్క టోపీలు,
కూసునే కాడ మెత్త.
నేను ముందుగాల కుట్టు చూసిన.
మంచిగ కుట్టిండ్రు, దారం కనవడలే.
అండ్ల ఒకడు మా గల్లీ శ్రీహాస్.
"ఆంటీ, చీరల సైక్లింగా!" అన్నడు.
"సైక్లింగ్ కాదు బిడ్డా,
పికో చేసిన చీర ఇచ్చొస్తున్న."
వాడు నవ్విండు, నేనూ నవ్విన.
వాడు ముప్పై కిలోమీటర్లు తొక్కి
బయలెల్లిన ఇంటికే వస్తడట.
ఎందుకో అడగాలనిపించింది, అడగలే.
వాడి మెత్త మీద మాత్రం మనసు పడ్డది.
ఇంటికొచ్చి పాత నైటీ కోసి, దూది నింపి,
నా సీటుకు ఒకటి కుట్టుకున్న.

మరకకు కిరసనాయిలు పెట్టి చూసిన,
సుద్దపొడి చల్లి చూసిన,
నిమ్మకాయ గూడ అయింది.
దండెం మీద అయిదు చీరలు ఆరేస్తే
అయిదింటికీ ఒక్కతీరు నల్లటి గీత,
ఎవరో వరుసగ సంతకం పెట్టినట్టు.
గాలికి ఎగరకుండ పెట్టేది గూడ ఆ నీలం క్లిప్పే.
పొద్దంత నా కాడ, రాత్రి దండెం కాడ,
దానికి సెలవు లేదు.

ఇగ నిన్న తేల్చుకున్న.
క్లాక్ టవర్ ఎనక ఫాల్ గుడ్డలమ్మే మనోహర్‌ను
నల్లయి అయిదు ఇయ్యమన్న.
ఏ చీరలకని అడిగిండు.
పసుపుది, గులాబిది, పచ్చది,
ఒక తెల్లది, ఒకటి ఏ రంగో పోయింది.
"నలుపు యాటికి కలుస్తదమ్మా వాటికి?"

చైనుకు కలుస్తది, ఇయ్యి అన్న.